మా అత్త కొన్న సైడుకారు బండి

మా అత్త పోయిందన్న కబురు నాకు మాటలకంటే ముందు ఒక చప్పుడుగా వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరులో నేను పనిచేసే ఆడపిల్లల బడిలో ఆ పొద్దు పాఠం చెబుతున్నాను. మధ్యాహ్నం గంట ఇంకా కొట్టలేదు. వీధి మలుపులో మా ఇంటి మోటారు సైకిలు వినబడింది. అది సాయంత్రం వినబడవలసిన చప్పుడు. సుద్దముక్క బల్లమీద పెట్టి బయటికి వచ్చాను. చిన్నాయన ఇంజను ఆపకుండా గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. దిగితే ఏడుపు వస్తుందని భయపడ్డాడేమో.

"పాపా, అత్త పోయినాది," అన్నాడు. "టిఫిను అయినాక కాఫీ అడిగింది. తెచ్చేలోపల పోయినాది."

ఆమె మా నాయనకు అక్క. ఆమెకు ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్ళినాటికి మా ఇళ్ళలో ఆడవాళ్ళను ఫోటో తీయించే అలవాటు లేదు. భర్త పోయాక, తెల్లచీర కట్టిన మనిషిని ఎవరు ఫోటో తీయిస్తారు? దినాల్లో పటం పెట్టి దండ వేయడానికి ఏమీ దొరక్క, ఆమె ఇత్తడి కాఫీ గ్లాసు తోమి పెట్టారు. చూసినవాళ్ళు కొందరు తల తిప్పుకున్నారు. ఫోటోలో ఉండవలసినదంతా నా దగ్గర ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

రాజపాళయంలో మా వీధి ఇళ్ళు వీధివైపు పెద్ద తిన్నెలతో ఉంటాయి. తిన్నెలు మగవాళ్ళవి. ఆడవాళ్ళ ఊరు నడవ దగ్గర ఆగిపోతుంది. అత్త చిన్న వయసులోనే పుట్టింటికి తిరిగి వచ్చి, అప్పటినుంచి ఆ నడవ దాటి వీధిలోకి రాలేదు. ఎవరైనా ప్రయాణం కడితే తాను ఎదురు పడకూడదని పెరటి తలుపు వెనక్కి పోయేది. కానీ వీధిలో జరిగేదంతా ఆమెకు తెలుసు. వంటింట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ, "అది మిల్లుకారు. డ్రైవరు కొత్తవాడు, గేరు కొరుకుతా ఉండాడు," అనేది. పోయి చూస్తే నిజంగానే కొత్త డ్రైవరు. తమిళ పేపరు మగవాళ్ళంతా చదివాక, అప్పడాల కిందికి వేసేముందు, నిలబడే చదివేది. కూర్చుని చదివితే ఎవరైనా పని చెబుతారని.

నేను మదురైలో బి.ఏ. ముగించి ఇంటికి వచ్చినప్పుడు నా పుస్తకాల పెట్టెను వడ్లగాదె పక్కన పెట్టారు. నన్నూ దాదాపు అక్కడే పెట్టారు. హాస్టలులో ఉండగా సాయంత్రాలు స్నేహితురాళ్ళతో నడిచేదాన్ని. ఇక్కడ పెరట్లో బావి చుట్టూ నడిస్తే, "ఆ పిల్లకి ఏమైనాది, తిరుగుతా ఉండాది?" అని పక్కింటి గోడమీదినుంచి విచారణ. నాయనకు జిన్నింగు ఫ్యాక్టరీలో భాగం ఉంది. ఇంట్లో ఎప్పుడూ పత్తి నూగు తేలుతుండేది. కిటికీ పక్కన కూర్చుంటే అది వెంట్రుకలమీద వాలేది. సాయంత్రానికి అద్దంలో నా తల నెరిసినట్టు కనబడేది. నవ్వొచ్చేది కాదు. చదివిన పిల్లకు ఇంకా ఎక్కువ చదివిన వరుడు కావాలి కాబట్టి పెళ్ళి ఆలస్యమవుతూ పోయింది. ఆ ఆలస్యంలో నేను ఏం చేయాలో ఎవరూ అనుకోలేదు.

అలాంటప్పుడు శ్రీవిల్లిపుత్తూరు బడినుంచి పిలుపు వచ్చింది. మదురైలో నాకు చెప్పిన టీచరమ్మ సిఫారసు. జూన్‌లో బడి తెరిచేలోపల చేరాలి. నాయన తిన్నెమీద నలుగురి మధ్య కూర్చుని ఉండగా అమ్మ నడవలోనుంచి ఆ మాట ఎత్తింది.

"మనింటి ఆడబిడ్డ బస్సులో మగోళ్ళ మధ్య నిలబడి పోయేదా?" అన్నాడు నాయన. తరవాత ఉద్యోగం మాటకు మెత్తబడినట్టు, "నేను వేలైకి పోవద్దనలేదు. మనింటి బండిలో పోయి, మనింటి బండిలో వస్తే ఎవరు వద్దన్నారు?"

తిన్నెమీద నవ్వు లేచింది. ఎందుకంటే మా ఇంటి బండి అంటే తెర కట్టిన గూడు ఎద్దుబండి. అది శ్రీవిల్లిపుత్తూరు చేరేలోపల బడి విడిచిపెడతారు. అది వద్దనడానికి మర్యాద అయిన దారి అని అందరికీ అర్థమైంది. నాకూ అర్థమై, లోపలికి వచ్చి గాదెకు ఆనుకుని కూర్చున్నాను.

అత్త మాత్రం చేతిలో గరిటె పట్టుకునే నడవ తలుపు దగ్గరికి పోయింది.

"తంబీ, ఆ మాట ఇంకోసారి చెప్పు."

"ఏ మాట అక్కా?"

"మనింటి బండి అంటివే, అది."

నాయన మళ్ళీ చెప్పాడు. నలుగురూ విన్నారు. "సరి," అని అత్త వంటింట్లోకి వచ్చి రసం దింపింది. నావైపు చూడనైనా చూడలేదు.

కారు కొనే తాహతు మాకు లేదు. అయితే సేత్తూరులో ఒక ఇంట్లో, యుద్ధానికి ముందు దొరల సీమనుంచి వచ్చిన మోటారు సైకిలు, పక్కన మనిషి కూర్చునే సైడుకారుతో సహా, అమ్మకానికి ఉందని ఆమె ఎప్పుడో విని ఉంది. గడ్డి అమ్మడానికి వచ్చే మనిషి చెప్పాడట. విన్న సంగతినీ, దాచిన రూపాయినీ ఆమె పారేసేది కాదు.

చిన్నాయన యుద్ధంలో సైన్యానికి లారీలు తోలి వచ్చినవాడు. బండి అనగానే స్నానం చేసి బయలుదేరాడు. అత్త తానూ వస్తానంది, నన్నూ రమ్మంది. పెరటి వాకిట్లోనే గూడుబండి ఎక్కి, తెరవేసుకుని ముగ్గురం సేత్తూరు పోయాం. దారి పొడుగునా ఉండే పడమటి కొండ అంత పెద్దదైనా, తెర సందులోనుంచి నాకు చీరంచు అంతే కనబడుతూ వచ్చింది.

ఆ ఇంటి యజమానురాలూ మా అత్తలాగే భర్త పోయినది. బండి ఆయనది. ఇంటి పెత్తనం బావగారిది కాబట్టి ఆయన చిన్నాయనను తిన్నెమీద కూర్చోబెట్టుకున్నాడు. బండి మాత్రం పెరట్లో, కొట్టంలో ఉంది. అంటే ఆడవాళ్ళవైపు. దుప్పటి తీయగానే నేను ఒక అడుగు ముందుకు వేశాను. చక్రాలు నేలకు తగలకుండా కింద రాళ్ళు పేర్చి ఉన్నాయి. నికెలు పూతమీద నా మొహం వంకరగా కనబడింది. ప్రతి ఆయుధపూజకూ బియ్యం మిల్లునుంచి మనిషి వచ్చి ఇంజను తిప్పి పోయేవాడట. మిగతా రోజుల్లో ఆమే తుడిచేది.

అత్త దాన్ని ఎద్దును చూసినట్టు చూసింది. వెనకనుంచి వచ్చింది. ఇంజను కిందికి చెయ్యి పెట్టి వేళ్ళు వాసన చూసుకుంది. తల వంచి చక్రాల లోపలివైపు చూసింది. చిన్నాయనను పెరటి వాకిలిగుండా పిలిపించి, "కాలితో తన్ను," అంది. మూడోసారికి బండి అంటుకుంది. అత్త కళ్ళు మూసుకుని విన్నది.

"ఊపిరి బాగుండాది. గొంతే ఎండిపోయి ఉండాది. ఆపురా."

చిన్నాయన పొంగిపోతూ తిన్నెమీదికి పోయాడు. అత్త సైడుకారులోకి వంగి, సీటు తోలుమీద అరచెయ్యి పెట్టింది.

"చూసేదానికి వచ్చినోళ్ళంతా నికెలు చూసి పోయినారు," అంది ఆ ఇంటామె. "నువ్వేమి సీటు చూస్తా ఉండావు?"

"ఒక్క ముడత లేదే వదినా."

"కూర్చుంటే కదా ముడత పడేది."

అత్త చెయ్యి సీటుమీదే ఉంది. ఆ ఇంటామే చెప్పింది. "నన్ను కుట్రాలం జలపాతానికి తీసుకపోయేదానికని ఆయన పక్కసీటుతో తెప్పించినాడు. మా అత్త ఉన్నన్నాళ్ళు వద్దనింది. ఆమె పోయినాక ఈయన పోయినాడు. ఇంక ఏడ కూర్చునేది?" తరవాత నావైపు చూసింది. "ఇది ఎవరికి? ఈ పిల్లకా? తోలతాదా?"

"తోలేది మా తమ్ముడు. ఇది పక్కన కూర్చుని పళ్ళికూడానికి పోతాది. పంతులమ్మ."

"కూర్చునేదానికి అయితే ఇస్తాను."

తిన్నెమీదినుంచి చిన్నాయన గొంతు వచ్చింది. "అక్కా! ఇక్కడ ధర మాట్లాడతా ఉండాము!"

"మాట్లాడతా ఉండండి," అని అత్త అరిచి చెప్పింది.

మా వైపు సంతల్లో ఎద్దులు కొనేవాళ్ళు ధర నోటితో చెప్పరు. ఒక తుండుగుడ్డ కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరం చేస్తారు. ఎన్ని వేళ్ళు పట్టారో, ఏ వేలు మడిచారో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. ఇది మగవాళ్ళ పని. ఆడదాని చెయ్యి ఎవడు పట్టుకుంటాడు? కానీ ఇక్కడ ఇద్దరూ ఆడవాళ్ళే. అత్త తన తెల్లచీర కొంగు తీసి ఇద్దరి చేతులమీదా కప్పింది. ఆ ఇంటామె వెంటనే వేళ్ళు పట్టుకుంది. పొలాలున్న ఇంట్లో పుట్టిన మనిషి, ఎక్కడో చూసి ఉంటుంది. బేరం చేసేవాళ్ళ మొహంలో ఏమీ కనబడకూడదు. ఇద్దరి మొహాలూ రాళ్ళలాగా ఉన్నాయి. కొంగు మాత్రం కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. బయట మగవాళ్ళు చాలాసేపు గట్టిగా మాట్లాడారు. అప్పటికే అయిపోయిన బేరం అది.

పోయేముందు అత్త, "ఒకసారి కూర్చో వదినా," అంది.

ఆమె ఒక కాలు ఎత్తింది కూడా. అప్పుడే తిన్నెమీద బావగారు దగ్గాడు. ఊరికే వచ్చిన దగ్గే. ఆమె కాలు దించేసి, సీటును అరచేత్తో ఒకసారి నొక్కి, "తీసుకపోండి," అంది.

గూడుబండిలో తిరిగి వస్తూ, ధర ఎంతకు తెగిందని అడిగాను. అత్త చెప్పిందిది: "నేను పట్టిన వేళ్ళలో ఒకటి ఆమె మడిచింది. నేను విప్పినాను. మళ్ళీ మడిచింది. అమ్మేది ఆమె, తగ్గించేదీ ఆమే. అట్లాంటోళ్ళతో నేనేమి బేరం చేసేది?" అంతకుమించి ఆ ధర నాకు ఈనాటికీ తెలియదు.

బండి ఇంటికి వచ్చాక నాయన దాని చుట్టూ తిరిగాడు. మాట ఇచ్చిన మనిషి; నలుగురి ఎదుట ఇచ్చిన మాట. అయినా ఇంకో తలుపు వెతుక్కున్నాడు.

"బండి సరే. గూడుబండికి తెర ఉండాది. దీనికి ఏది?"

"అన్నా, మోటారు సైకిలుకి తెర కడితే ఊరంతా నవ్వుతాది!" అన్నాడు చిన్నాయన.

"నవ్వనీ. తెర లేకుంటే పోయేది లేదు."

నాకు ఆ క్షణంలో బండిమీద నీళ్ళు పోసి తుప్పు పట్టించాలనిపించింది. అత్త మాత్రం, "తెరే కదా తంబీ. కుట్టిస్తాను," అంది, వడియాలు పెడతానన్నంత తేలికగా.

కమ్మరిచేత ఇనపకమ్మీలు వంచి గూడు చేయించింది. గుడ్డకోసం పట్టు, నూలు ఏదీ తీయలేదు. ఊరిబయట మగ్గాలమీద ఆస్పత్రులకు నేసే బ్యాండేజి గుడ్డ తెప్పించి, నేరేడు రంగు అద్ది, ఆరబెట్టి కుట్టింది. మిట్టమధ్యాహ్నం బండిని వీధిలో ఎండలో నిలబెట్టించి, నన్ను లోపల తెర వేసుకుని కూర్చోమని, నడవలోనుంచే నాయనను పిలిచింది. నాయన దగ్గరగా వచ్చి వంగి చూశాడు. ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు. "ఏమీ కనబడలేదు. సరి," అన్నాడు.

నాకు ఆయన మీసంలో నెరిసిన వెంట్రుకలు కూడా కనబడ్డాయి. ఆయన మొహాన్ని అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. కోపం అనుకుంటూ వచ్చినది కోపం కాదు; ఎవరేమంటారోనన్న దిగులు.

వంటింట్లో అత్త నా చెవిలో అంది: "గాయానికి గాలి ఆడాలనే దాన్ని అంత పలచగా నేస్తారు. నీకూ గాలి ఆడాల కదా."

ఆ రకంగా నేను ఉద్యోగం చేశాను. మీలో ఎవరైనా ఆ రోడ్డుమీద నేరేడు రంగు గూడు కట్టిన మోటారు సైకిలును చూసి నవ్వి ఉంటే, లోపల ఉన్నది నేనే, మీ నవ్వు నాకు బాగా కనబడింది. వేసవిలో ఆ గూడు లోపల ఇడ్లీలు ఉడికించవచ్చు. మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. బస్సులో నిలబడి పోయే కాలేజీ అమ్మాయిలు కిటికీలోనుంచి వేలు చూపించేవాళ్ళు. వాళ్ళ జడలు గాలికి ఎగిరేవి. నా జడమీద దుమ్ముకూడా సరిగా పడేది కాదు.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చి పుస్తకాలు విసిరికొట్టాను. "అత్తా, అది బండి కాదు, పెట్టె. కదిలే పెట్టె."

ఆమె అప్పడాలు ఒత్తుతోంది. చేతులు ఆగలేదు. "కదులుతా ఉండాది కదా," అంది. "నేనుండేది కదలదు."

ఆ తరవాత ఆమె ఎదుట ఆ మాట ఎత్తలేదు. మనసులో అనుకోవడం మానలేదు.

ప్రతి సాయంత్రం ఆమెకు లెక్క అప్పజెప్పాలి. "ఏమేమి చూస్తివి, వరసగా చెప్పు." ఊరికే 'ఏముంది, రోడ్డు' అంటే ఒప్పుకునేది కాదు. రైల్వే గేటు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారు, పత్తిలారీమీద ఎవరు పడుకున్నారు, మిల్లు కూత వేశాక బయటికి వచ్చే ఆడవాళ్ళు నవ్వుతూ వస్తున్నారా, ఊరికే వస్తున్నారా? నేను చెప్పలేకపోతే, "రేపు చూసి చెప్పు," అనేది. నాకు చూడడం నేర్పింది కాలేజీ కాదు. చూడడానికి పోలేని ఒక మనిషి ప్రశ్నలు.

ఈ ఏడాది ఆమెకు ఆయాసం మొదలైంది. శ్రీవిల్లిపుత్తూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని నాయన బంధువుల మిల్లుకారు అడిగి ఏర్పాటు చేశాడు. అత్త మంచంమీదినుంచి చెయ్యి అడ్డంగా ఊపింది.

"మనింటి బండి ఉండాది కదా."

"సరే అక్కా, దాంట్లోనే పో."

"పాప తోడు రావాల."

"పాప ఎక్కడ కూర్చుంటాది?"

"వెనక."

అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "వీధిలోనా?" అన్నాడు నాయన.

"వీధిలో కాకుంటే ఇంటి కప్పుమీదనా తంబీ పోయేది?" అంది అత్త, ఆయాసపడుతూనే. చిన్నాయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు.

ఆ రోజు ఆమె వీధివాకిట్లోనుంచి బయటికి వచ్చింది. ఎదురు పడకూడని మనిషి, తానే ప్రయాణం కట్టుకుని వచ్చింది. సైడుకారులో కూర్చుని తెర తానే లాగేసుకుంది. నేను చిన్నాయన వెనక ఒక పక్కకు తిరిగి కూర్చున్నాను. వీధి పొడుగునా తిన్నెలు. తిన్నెల నిండా మనుషులు. నాకు ఏమీ కనబడలేదు. గాలికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, చెవులు మండుతున్నాయి, కొంగు చేతికి చిక్కడం లేదు. డాక్టరు ఇంటిదాకా నేను ఒక్క మనిషినీ చూడలేదంటే నమ్మండి.

ఆ సాయంత్రం వరసగా చెప్పింది ఆమె. తలగడ ఆనుకుని, ఆగి ఆగి. తమలపాకుల అంగడివాడు ఆకు చించుతూ ఆగిపోయాడట. మూలింటి కుక్క లేవనైనా లేవలేదట. ఎదురింటి పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకునేలోపల మేము దాటిపోయామట. "పాపం, ఆయనకు ఏమీ దొరకలేదు," అని నవ్వి, దగ్గు వచ్చి ఆగింది. తరవాత అంది: "మీ నాయన తిన్నెమీద లేచి నిలబడినాడు పాపా. తిట్టేదానికి కాదు. ఊరికే నిలబడినాడు."

మరుసటిరోజు నేను మళ్ళీ తెర వెనకే. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ మారలేదు. కొన్నాళ్ళకు ఆ కాఫీ పొద్దు వచ్చింది.

దినాలు అయ్యేదాకా బంధువులు తిన్నెమీద కూర్చుని అదే మాట తిప్పి తిప్పి అన్నారు. "అక్క మాటకోసం పంపిస్తివి. అక్కే పోయినాది. ఇంక పాప వేలై నిలిపేసి కల్యాణం చూడు." నాయన తమలపాకుకు సున్నం రాస్తూ ఉండేవాడు. ఔననలేదు, కాదనలేదు. నడవలో చెవి పెట్టి వినే మనిషి లేదు కాబట్టి ఆ చోట నేను నిలబడి విన్నాను. ఆయన మౌనం ఏ వైపుదో నాకు తెలియలేదు. ఆమె అయితే చప్పుడునుబట్టి చెప్పి ఉండేది.

బడికి పోవలసిన పొద్దు నేను ఎవరినీ అడగకుండా తయారయ్యాను. చిన్నాయన బండిని వాకిట్లోకి తెచ్చి నిలబెట్టాడు. నేను పుస్తకాలతో మెట్లు దిగి, తెర ఎత్తడానికి చెయ్యి చాపాను.

"పాపా, అక్కడొద్దు," అన్నాడు నాయన తిన్నెమీదినుంచి.

చెయ్యి అలాగే ఉండిపోయింది. అయిపోయిందనుకున్నాను. గాదె, బావి, నెత్తిమీద పత్తి నూగు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి. "ఇంక పోవద్దా నాయనా?" అన్నాను.

ఆయన లేచి లోపలికి పోయాడు. తిరిగి వస్తుంటే భుజంమీద ఎద్దులకు పెట్టే పత్తిగింజల మూట ఉంది. మా నాయన బరువు మోయడం నేను ఎన్నడూ చూడలేదు. మూటను సైడుకారులో దించి, ఒరగకుండా సర్ది, సీటుమీద సరిగా కూర్చోబెట్టాడు.

"పక్కన బరువు లేకుంటే వంపులో చక్రం లేస్తాది, మూట పెట్టు అని అక్క చెప్పి పోయినాది," అన్నాడు, నావైపు చూడకుండా. తరవాత మూటకు తెర పూర్తిగా లాగేసి, కొక్కెం తగిలించాడు. "వెనక ఎక్కు. పొద్దెక్కతా ఉండాది."

ఎక్కాను. తిన్నెలమీదివాళ్ళు వంగి వంగి తెరవైపే చూస్తున్నారు, లోపల ఎవరా అని. వీధి చివర వంపులో చిన్నాయన బండిని ఎడమకు తిప్పాడు. చక్రం లేవలేదు. రోడ్డెక్కి వేగం అందుకోగానే, గాలికి తెర లోపలికి పీల్చుకుని మూట ఆకారానికి అతుక్కుంది; కాసేపు అలాగే ఉండి, వదులై, మళ్ళీ అతుక్కుంది.